మూగబోయిన ఇల్లు: ఒక పరిశీలన

ఆదివారం సాయంత్రం మా హాల్లో హాజరైనవారు, కిటికీ వైపు నుండి వరుసగా: నా భార్య, కుమారుడు, కోడలు, మనవరాలు. గుమ్మం పక్కన పడక కుర్చీలో, పరిశీలకుడి హోదాలో, నేను.

అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎవరి నోటా మాట లేదు. అప్పుడప్పుడు పెదవులు కదిపారు. తెరమీది రాతను లోలోపల చదువుకుంటున్నారని గ్రహించాను.

నేను సమాచార శాస్త్రాన్ని జీవితమంతా బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆచార్యుణ్ణి. పదవీ విరమణ తరువాత ఏ సభా నన్ను తలచుకోలేదు. ఇన్నాళ్లకు మా పాత విభాగం నుండే పిలుపు వచ్చింది. సామాజిక మాధ్యమాలు, సమాజం అన్న విషయంపై ప్రారంభోపన్యాసం. ఇప్పుడక్కడ ఆచార్యులంతా నా శిష్యులే. ముసలాయనలో పస తగ్గలేదని వాళ్లకు తెలియాలి. కనుక ఊళ్లు తిరగకుండా, సొంత ఇంటినే ప్రయోగశాలగా ఎంచుకున్నాను.

ఫలితాలు నా అంచనాను మించాయి.

కుమారుడు నా భుజం తట్టి, నా ఫోన్ వైపు చూపించాడు. చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్న నా భార్య పంపిన సందేశం.

"భోజనానికి లేవండి. మీ సిద్ధాంతం చల్లారదు గానీ వంట చల్లారిపోతోంది."

"ఆ ముక్క నోటితో చెప్పకూడదా?" అన్నాను.

ఆమె మళ్లీ ఫోన్ మీద వేళ్లు ఆడించింది. "అసలు సంగతి చెబితే మీకు కోపం."

ఇన్నేళ్ల కాపురంలో నా కోపానికి ఆమె జంకడం ఇదే మొదటిసారి. మాధ్యమం మనిషి స్వభావాన్నే మార్చివేస్తోందని రాసుకున్నాను.

మనవరాలు మరీ ఘోరం. నా మోకాలిని ఆనుకుని కూర్చునే రాసింది. "తాతయ్యా, టీవీ కాస్త తగ్గించవా? ఎదురింటి వాళ్లు కూడా నీ వార్తలే వింటున్నారు."

పొరుగువారి అభిరుచి మెరుగుపడినందుకు సంతోషించాను.

మరునాడు నా పాత సహోద్యోగి వచ్చాడు. కాలింగ్ బెల్ నొక్కే మర్యాద కూడా మరిచి, గుమ్మం బయట నిలబడి సందేశం పెట్టాడు. "మాస్టారూ, చాలాసేపటి నుంచి ఇక్కడే ఉన్నాను. తలుపు తీస్తారా, పొమ్మంటారా?"

తలుపు తీసి, నాగరికత గురించి నాలుగు చీవాట్లు పెట్టాను. అతడు నోరు తెరిచి, మూసి, చివరికి ఒక నమస్కారం పెట్టాడు. ఆ ఘట్టంతో నా వ్యాసం పరిపూర్ణమైంది. 'మానవ వాక్కుకు వీడ్కోలు' అని శీర్షిక పెట్టాను.

సభకు ముందు ఒకరైనా చదవాలి కదా. కోడలికి ఇచ్చాను. ఆసుపత్రిలో పనిచేసే మనిషి, లోపాలు పట్టడంలో దిట్ట. చదువుతూ చదువుతూ అత్తగారిని పిలిచి చూపించింది. ఇద్దరూ భుజాలు అదిరేలా కదిలిపోయి, కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నా శైలిలో కరుణరసం పాలు ఎక్కువని మొదటినుండీ నాకు తెలుసు.

కాసేపటికి ఫోన్ వెలిగింది. "మామయ్యగారూ, సభలో చదివే ముందు ఒక్క గంట నాతో రండి. ఆ తర్వాత కూడా ఇదే చదువుతానంటే నేను అడ్డుచెప్పను."

"ఎక్కడికమ్మా?"

ఫోన్ మళ్లీ వెలిగింది. "మా ఆసుపత్రికి. నా కోసం అనుకోండి."

వెళ్లాను. తిరిగి వచ్చి వ్యాసమంతా చించివేశాను. కృతజ్ఞతల పేజీ ఒక్కటి మాత్రం కొత్తగా రాసుకుని, సభలో దానినే చదివాను:

"ఈ విషయంపై నా సమస్త పరిశోధననూ ఒక్క గంటలో కొట్టివేసి, మా ఇంట్లో ఏ ఒక్కరూ ఏనాడూ మాట్లాడటం మానలేదని, నా రెండు చెవులకూ వినికిడి యంత్రాలు అమర్చి మరీ నిరూపించిన మా కోడలి సేవను ఈ సభాముఖంగా కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేస్తున్నాను."