తీగ మీది పాలపిట్ట

“ముక్కు ఎటు పెట్టాలె మేడం?” స్తంభం మీంచి అడిగాడు అసద్.

“ఊరి దిక్కు. దసరా నాడు ఊరికి వీపు పెట్టి కూసుంటే మంది వేరే అర్థం తీస్తరు,” అంది కావ్య.

అసద్ బోధన్‌లో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. పిట్టను చెక్కడం అతనికి ఇదే మొదలు. బొమ్మలు చేసే తేలికపాటి పొనికి కర్రతో చేసి, రెక్కలకు నీలం, రొమ్ముకు ఇటుక రంగు వేశాడు. దగ్గర నుంచి చూస్తే బొమ్మే. వంద గజాల అవతల నుంచి చూస్తే మాత్రం చేతులు వాటంతటవే జోడించుకునేలా ఉంది. చెరుకు తోట మధ్య, బోరు మార్చాక పనికిరాకుండా పోయిన కరెంటు తీగ మీద దాన్ని సన్న వైరుతో కట్టి, ఊరంతా మధ్యాహ్నం భోజనాల మీద ఉండగానే దిగివచ్చాడు.

కావ్య బోధన్‌లో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతుంది. పక్షుల కోసం ఒక సంఘం కూడా పెట్టింది. అందులో సభ్యులు నలుగురు. వారిలో ఇద్దరికి తాము సభ్యులమని తెలియదు. చిన్న అబద్ధం కూడా ఆడలేని మనిషి ఆమె. అలాంటిది ఒక ఊరికి ఊరినే మోసం చెయ్యడానికి సిద్ధపడిందంటే, దానికి కారణం లక్ష్మీరాజం పంజరం.

చందూర్ దాటాక వచ్చే ఆ ఊళ్ళో, దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే ముందు పాలపిట్టను చూడాలి. చూడకపోతే ఏడాదంతా పట్టిన పని పట్టినట్టే ఆగిపోతుందని నమ్మకం. ఒకప్పుడు పొలిమేర దాటితే పిట్ట కనబడేది. పొలాల్లో మందుల పిచికారీ పెరిగింది, పురుగులు పోయాయి, పురుగులు తిని బతికే పిట్టలూ పోయాయి. అప్పటి నుంచి పిట్టలు పట్టే లక్ష్మీరాజం ఎక్కడెక్కడో తిరిగి ఒకదాన్ని పట్టి తెచ్చి, పంజరంలో పెట్టి ఊరికి చూపిస్తున్నాడు. నిరుడు తెచ్చిన పిట్ట మూడో నాటికి చచ్చిపోయింది. కావ్య అటవీ శాఖకు ఫిర్యాదు చేసింది. ఆఫీసర్లు తీరిక చేసుకుని వచ్చేసరికి పంజరం కడిగి ఎండకు ఆరబెట్టి ఉంది.

ఈసారి ఆమె ఊరి పెద్దమనిషి రామ్‌దాస్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన ఇద్దరి మాటా విని ఒక ఒప్పందం తేల్చాడు. పొద్దుగూకే లోపల పిట్ట బయట కనబడితే, పంజరంలో పిట్టను వదిలేయాలి, ఇక ముందు పంజరమే రాకూడదు. కనబడకపోతే పంజరం తెరుస్తారు, మేడం ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు. లక్ష్మీరాజం పేచీ పెడతాడనుకుంది కావ్య. అతను తల వంచుకుని సరే అన్నాడు.

బయట పిట్ట లేదని ఆమెకు తెలుసు. నెల రోజులుగా బైనాక్యులర్లు మెడలో వేసుకుని మోస్రా దాకా తిరిగింది. ఒక్కటీ కనబడలేదు. ఉన్న ఆ ఒక్కటీ లక్ష్మీరాజం పంజరంలో ఉందని ఊళ్ళో అన్నారు. దాన్నయినా బతికించాలని అసద్‌ను పట్టుకుంది.

సాయంత్రం డప్పులతో ఊరు కదిలింది. ముందు వరసలో లక్ష్మీరాజం, చేతిలో నల్లగుడ్డ కప్పిన పంజరం. కావ్య గబగబా నడిచి అతన్ని అందుకుంది.

“దానికి నీళ్ళు పెట్టినవా?”

“అన్నీ సూసుకున్న మేడం.”

“చప్పుడే లేదు?”

“చీకట్ల ఉంటే గమ్మునుంటది.”

ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా పంజరం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

పొలిమేర చేరాక అందరూ ఆకాశంలోకి చూడసాగారు. అందరికంటే ఆత్రంగా తీగల వెంట కళ్ళు పరిగెత్తిస్తున్నది లక్ష్మీరాజమే. ఓడిపోతానన్న భయం కాబోలు అనుకుంది కావ్య. ఆమె భయమేమో, ఆ కళ్ళు బొమ్మను పట్టేస్తాయని.

“అగో,” అన్నాడు లక్ష్మీరాజం, అందరికంటే ముందు.

రామ్‌దాస్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది పాలపిట్టేనా అని అడిగాడు.

“ముప్పై ఏండ్ల సంది పడుతున్న. నాకు తెల్వదా అన్న?”

జనమంతా దండాలు పెట్టారు. రామ్‌దాస్ తల్లి చంద్రవ్వ మాత్రం కళ్ళు చికిలించి, “గది కదులుత లేదేందిరా?” అంది. కావ్య చప్పున లక్ష్మీరాజం వైపు చూసింది.

“గింత మంది వస్తే బెదరదా అవ్వ?” అన్నాడు లక్ష్మీరాజం.

ఇంతలో ఒక కాకి వచ్చి పాలపిట్ట పక్కన వాలింది. దాని నెత్తి మీద రెండుసార్లు పొడిచింది. ఏ జవాబూ రాకపోయేసరికి విసుగు పుట్టి వెళ్ళిపోయింది. ఎంత ఓర్పు అనుకుంటూ చంద్రవ్వ మళ్ళీ దండం పెట్టింది.

జమ్మి ఆకు చేతులు మారింది. చిన్నవాళ్ళు పెద్దల కాళ్ళు మొక్కారు. ఒప్పందం ప్రకారం పిట్టను వదిలేయమన్నాడు రామ్‌దాస్. ఈ గోలలో వద్దని, తోట అవతల వదులుతానని లక్ష్మీరాజం పొలం గట్టు వెంట నడిచాడు. కావ్య వెనకే వెళ్ళింది. ఒక ప్రాణం కోసం ఆడిన అబద్ధం పాపం కాదని దారంతా తనకు తాను చెప్పుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు నిజంగా సంతోషంగా ఉంది.

జనం కనుమరుగయ్యాక లక్ష్మీరాజం ఆగాడు. పంజరం గట్టు మీద పెట్టి తీగ వైపు చూశాడు.

“మంచిగ చెక్కిండు, ఎవరో గాని. తోక జర పొడుగైంది.”

కావ్య అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“తెలిసి కూడా ఎందుకు చెప్పలే?”

అతను ఆమె మొహంలోకి చూడలేదు. పంజరాన్ని ఆమె ముందుకు జరిపాడు. కావ్య వంగి నల్లగుడ్డ తీసింది.

లోపల సాలెగూడు ఒక్కటే ఉంది.