అమ్మమ్మ చేతి తేలు

"సచ్చినంక ఒంటిమీది సొమ్ములన్నీ ఊడదీసుకుంటరు బిడ్డా. నా పచ్చబొట్టొక్కటే నాతోని వస్తది, ఆడ మనోళ్లు దాన్ని చూసే నన్ను గుర్తువడ్తరు," అనేది మా అమ్మమ్మ భాగమ్మ. పోయిన ఎండాకాలం వికారాబాద్‌ల ఆమె కన్నుమూసింది. బతికున్నప్పుడే పచ్చబొట్టున్న ఆమె ముంజేతిని దగ్గరినుంచి ఫోటోలు తీసి పెట్టుకున్న. నేను ఆర్టిస్టును. ఇంట్లోవాళ్ల గుర్తులను తెరమీదికి తెచ్చుడే నా పని.

ఆ పని కోసమే తాండూరుల మూతబడ్డ నాపరాతి పాలిషింగ్ షెడ్డు కిరాయికి తీసుకున్న. పొద్దుగూకినంక ప్రొజెక్టర్ పెట్టి, అమ్మమ్మ పచ్చబొట్టు నా ముంజేతి మీద పడేటట్టు చేసి వీడియో తీసిన. నడుమ తేలు, చుట్టూ చుక్కలు. నా చేతికి కొలిచి పొడిచినట్టు కుదిరింది. మస్తు సంబురమైంది.

ప్రొజెక్టర్ బంద్ చేసి లైటేసిన. తేలు నా చేతి మీదనే ఉంది.

చున్నీతోని తుడిచిన. నీళ్లు పోసి రుద్దిన. తోలు మండింది గని ఒక్క చుక్క గూడ పోలేదు. పరేషానై ల్యాప్‌టాప్‌ల అమ్మమ్మ ఫోటోలు తెరిచిన. అన్నిట్ల ఆమె చెయ్యి ఉంది. ఏ ఫోటోల గూడ పచ్చబొట్టు లేదు.

బయట పేర్చిన బండలను ఎవరో చేత్తోని తడుముకుంట వస్తున్న చప్పుడైంది. తలుపు కాడికి వచ్చి ఆగింది.

"నిఖిలా," అన్నది అమ్మమ్మ గొంతు, ఎప్పటిలెక్కనే మెల్లగ. "ఆడ నన్నెవ్వలు గుర్తువడ్తలేరు బిడ్డా."