ప్రతి తలుపూ

హైమ పరుగున మెట్లెక్కి వచ్చేసరికే కూతురు మేధ, పైఫ్లాట్ సుగుణ నుదుట కుంకుమ పెట్టేసింది.

"సాయంత్రం మా ఇంట్లో పేరంటం. తప్పకుండా రండి," అంది మేధ, గోడకేసి చూస్తూ.

కొత్తవాళ్ళను చూస్తే చెవులు మూసుకునే పిల్ల. ఈ నాలుగు మాటల కోసం థెరపిస్టూ హైమా కలిసి నెల్లాళ్ళు కష్టపడ్డారు. అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపూ కొట్టమని చెప్పింది హైమే. సుగుణ భర్త పోయాడన్న సంగతి ఆమెకప్పుడు గుర్తు రాలేదు.

"ఏమనుకోకండి అక్కా, దానికి తెలీదు," అంటూ కొంగుతో బొట్టు తుడవబోయింది.

సుగుణ ఆ చేయి పట్టుకుని ఆపింది. "పిల్లనేమనకు. గిట్ల పిలిచేటోళ్ళు ఎవరున్నరు నాకు?" అంది. కాసేపటికి తనే తుడుచుకుంది. "నేనొస్తే మీవోళ్ళు నిన్నంటరు. రాను తియ్."

తలుపు మూసుకుంది.

"అమ్మా, తప్పు చెప్పానా?"

"లేదు నాన్నా, బాగా చెప్పావు. కానీ కొన్ని తలుపులు కొట్టకుండా వెళ్ళిపోవాలి."

ఏ కొత్త నియమాన్నయినా మేధ ఒక ఉదాహరణతో సరిచూసుకుంటుంది.

"కింది ఫ్లాట్ తేజ పుట్టినరోజుకి వాళ్ళమ్మ అందరినీ పిలిచి, మన తలుపు కొట్టకుండా వెళ్ళిందే, అలాగా?"

ఆ సంగతి పిల్లకు తెలియదనే ఇన్నాళ్ళూ హైమ నమ్మకం.

"అలాగే కదమ్మా?"

హైమ తల అడ్డంగా ఊపలేకపోయింది.

"అర్థమైంది," అంది మేధ. నియమం సరిపోయినందుకు ఆ ముఖం వెలిగిపోతోంది.