ఆగని కంప్రెసర్

బావమరిది చేసింది క్షమించరాని పని. అందులో చర్చకు తావు లేదు. ఫిట్టర్ ఇంట్లో లేని పూట చూసి, అతని గదిలో ఉన్న మెషీను ఎత్తుకెళ్ళి ఎవరికో ఇచ్చేశాడు. ఇచ్చాక చెప్పాడు.

ఆనాటి నుంచి ఫిట్టర్ అతనితో మాట్లాడటం మానేశాడు. అదే గదిలో బల్ల మీద సగం కట్టి వదిలేసిన బొమ్మ ఓడ వైపు చూడటం కూడా మానేశాడు. కళ్ళు ఎప్పుడు చూసినా ఎర్రగా ఉంటున్నాయి. బావమరిదికి భయం పట్టుకుంది. "ఓడ పూర్తి చేసి రంగు వేద్దువుగాని రా బావా. ఎయిర్ బ్రష్షూ కంప్రెసరూ నేను కొనిపెడతా" అని వెంటపడి వెంటపడి, చివరికి మోడల్ కిట్ల దుకాణానికి లాక్కొచ్చాడు.

దుకాణం నడిపే ఆమె, లావుపాటి పెన్నుల్లాంటి ఎయిర్ బ్రష్షులు రెండు అద్దాల బల్ల మీద పెట్టింది.

"బాబాయిగారూ, దీని మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. రెండూ మీ వేలు చెప్పినట్టు వింటాయి. రెండోది నొక్కితే గాలీ రంగూ ఒకేసారి వచ్చి పడతాయి. చేతికి అలవాటైతే మొదటిదే మేలు. మీ ఓడ ఎంతుంటుంది?"

"మూరెడు," అన్నాడు బావమరిది.

"నిన్నడిగిందా?" అన్నాడు ఫిట్టర్.

బావమరిది మొహం వెలిగింది. తిట్టయినా మాటే కదా.

"మూరెడంటే సన్నసూది ఉన్నది చాలు," అందామె. "రంగు గిన్నె పైనే ఉంటుంది. కడుక్కోవడం తేలిక. ఏది తీసుకుంటారు?"

"ఏదో ఒకటి."

"అలా అంటే ఎలా బావా? రంగు వేసేది అదే కదా!"

"ఇప్పటిదాకా నువ్వు చేసిన నిర్ణయాలు చాలు."

ఆమె మాట మార్చడానికన్నట్టు ఒక కంప్రెసర్ ముందుకు జరిపి ప్లగ్గు పెట్టింది. కింద చిన్న ట్యాంకు, పక్కన తేమను పట్టే గాజు గిన్నె. మోటారు సన్నగా మూలిగి కాసేపటికి ఊరుకుంది.

"ఆగిపోయిందేం?" అన్నాడు ఫిట్టర్.

"ట్యాంకు నిండింది. గాలి తగ్గితే మళ్ళీ తనే మొదలవుతుంది. ఇంత నెమ్మదైంది ఇంకోటి లేదు. మీరు ఇంట్లో ఉన్నట్టే పక్కవాళ్ళకి తెలీదు."

"అది ఇప్పుడూ తెలీడం లేదు."

సరిగ్గా అప్పుడు వెనక గదిలో ఏదో గుర్రుమని మొదలైంది. ఆ గుర్రు మధ్యలో ఉండుండి బుస్సుమని గాలి వదులుతోంది. ఫిట్టర్ తల అటు తిరిగింది.

"అదేంటమ్మా?"

"అబ్బే, అది పాతకాలంది. ట్యాంకు లేదు. స్విచ్చి వేసినంతసేపూ మోగుతూనే ఉంటుంది. మా ఆయనకి తప్ప ఎవరికీ నచ్చదు. ఆయనకైనా ఎందుకంటే, దాని ముందు కూర్చుంటే నా మాటలు వినపడవుగా!"

"అది చూపించు."

ఆమె మొహం అదోలా పెట్టి వెళ్ళి పట్టుకొచ్చింది. ఫిట్టర్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎక్కువైన గాలి అలా పోతుంది బాబాయిగారూ, పాడయి కాదు."

"తెలుసు. నా ఉద్యోగమంతా పంపుహౌసులోనే గడిచింది."

పక్కనున్న మర కొంచెం బిగించాడు. బుసకీ బుసకీ మధ్య ఎడం పెరిగింది. నచ్చలేదు. వెంట్రుకవాసి వదులు చేశాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"రాత్రంతా నడిస్తే తట్టుకుంటుందా?"

"వేడెక్కుతుంది. అయినా రాత్రంతా ఏం రంగులేస్తారండీ?"

"ఫ్యాను పెడతాను. ఇదే ఇవ్వు."

"బావా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు బావమరిది. "అక్క ఉంటే ఈ మోతకి ఇద్దర్నీ బయటికి గెంటేది!"

ఫిట్టర్ అతని వైపు ఒకసారి చూశాడు.

"ఇలాంటిదే కొత్తది అటక మీద ఉంది, తీయనా?" అందామె.

"కొత్తది ఎలా మోగుతుందో ఎవరికి తెలుసు. ఇదే."

"ఇచ్చెయ్యవే," అని వెనక గదిలోంచి మగగొంతు వినిపించింది. "ఆ అటక మీదది నేను దించుకుంటా."

బావమరిది ఒక ఎయిర్ బ్రష్షూ రంగుసీసాలూ కూడా కొన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు కంప్రెసర్ పెట్టెను ఫిట్టర్ తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"అవసరమున్నవాళ్ళకే ఇచ్చాను బావా. వాళ్ళింట్లో ఇప్పుడు అదే దిక్కు. నీకింక దాంతో పనేముంది అనుకున్నాను. కళ్ళెదురుగా లేకపోతే నీ మనసు కాస్త..."

"నా పనేంటో నాకు తెలుసు."

గదిలోకి వెళ్ళగానే బావమరిది బల్ల మీద ఓడను పక్కకు జరిపి చోటు చేశాడు. ఫిట్టర్ అటు వెళ్ళలేదు. కంప్రెసర్‌ను మంచం పక్కన, గోడవారగా నేల మీద పెట్టాడు. స్విచ్చి వేశాడు. మోటారు గుర్రుమంది.

"ఎయిర్ బ్రష్షు తగిలించొద్దా? ఇంకా పెట్టెలోనే ఉంది."

ఫిట్టర్ చెప్పులు విడిచి, పట్టపగలే మంచమెక్కి పడుకున్నాడు. కంప్రెసర్ బుస్సుమంది. అతని కనురెప్పలు వాలాయి. ఇన్నాళ్ళుగా బిగుసుకుపోయి ఉన్న దవడ వదులైంది.

బావమరిది చేతిలోని రంగుసీసా అలాగే ఉండిపోయింది. కంప్రెసర్ మళ్ళీ బుస్సుమంది. బావమరిది మొహం పాలిపోయింది.

"బావా... నాకు తట్టలేదు బావా..."

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు," అన్నాడు ఫిట్టర్, కళ్ళు తెరవకుండానే.

అక్కకి చివరిదాకా ఊపిరందించిన మెషీను అచ్చం ఇలాగే మోగేది.