బుజ్జిగాడికి ఉన్ని తొడుగు

బుజ్జిగాడిని పరీక్షలో ఎలాగైనా ఫెయిల్ చేయించాలని పెద్దావిడ గట్టిగా నిశ్చయించుకుంది.

బుజ్జిగాడంటే మనిషి కాదు. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రానివ్వనంత ఆంబోతు. వాడు పుట్టిన రోజే తల్లి ఆవు పోతే, సీసాతో పాలు పట్టి ఆమే పెంచింది. ఈమధ్య వాడు సరదాకి కొమ్ముతో ఒక్క విసురు విసిరితే ఆమె మొగుడు, పెద్దాయన, వెళ్ళి గడ్డివాములో పడ్డాడు. పడ్డవాడు లేచి, పంచె దులుపుకుని, నేరుగా పెద్ద డెయిరీకి కబురు పెట్టాడు.

డెయిరీ నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చి, ఆమధ్యే జ్వరం పడి లేచిన వాణ్ణి ముందూ వెనకా చూసి, నమూనా కూడా తీసుకుంది. వెళ్ళబోతూ పెద్దాయనతో "రెండు నెలలు దాటాక మళ్ళీ వస్తాను. అప్పుడు మళ్ళీ వీర్యం పరీక్ష చేసి, మాకు సరిపోతే వ్యాన్‌లో ఎక్కించుకుపోతాం" అంది. తలుపు చాటున నిలబడి పెద్దావిడ ఆ మాట విన్నది.

ఆమెతో "వెళ్ళొస్తా" అన్నవాళ్ళెవరూ తిరిగొచ్చిన పాపాన పోలేదు. పుట్టగానే కన్నుమూసి పెరట్లో మట్టిలో కలిసిన పిల్లయితే ఆ మాట కూడా అనకుండానే పోయింది. ఈ వయసులో ఇంకొకరికి చెయ్యూపి, కొంగుతో కళ్ళు తుడుచుకునే ఓపిక తనకి లేదు.

ఆమె బడికి వెళ్ళింది లేదు. అక్షరాలు తనంతట తనే కూడబలుక్కుని నేర్చుకుంది. పొట్లం కట్టిన కాగితం దొరికినా వదలదు. అటక మీదున్న పశువుల పెంపకం పుస్తకం దించి, అద్దాలు తుడుచుకుని కూర్చుంది.

మగపశువు బీజాలను దేవుడు ఒంటి బయట వేలాడదీసింది ఊరికే కాదట. వీర్యకణాలు తయారవ్వాలంటే అక్కడ ఒంట్లోకన్నా కాస్త చల్లగా ఉండాలట. చలేస్తే తిత్తి పైకి ముడుచుకుంటుంది, ఉక్కపోస్తే కిందికి జారుతుంది. పని చెయ్యమని మెదడు పైనుంచి ఎన్ని హుకుములు పంపినా, కింద వేడెక్కితే మాత్రం పని కుంటుపడుతుంది. ఒక్కో కణం పుట్టి, తోక మొలిచి, ఈదడం నేర్చి బయటపడేసరికి రెండు నెలలు పడుతుందట.

"అంటే ఇవాళ మొదలుపెడితేనే అప్పటికి అందుతుందన్నమాట!" అనుకుని ఆమె పుస్తకం మూసి, ఉన్ని ఉండలు తీసింది.

"ఏంటే ఆ అల్లిక?" అన్నాడు పెద్దాయన.

"మోకాలి తొడుగు. చలికి పీకేస్తోంది."

ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు. "ఇది మోకాలికా? ఇందులో నువ్వు మొత్తం పడతావే!"

"వాపండీ. నా బాధ మీకేం తెలుస్తుంది!"

పెద్దాయన పొద్దున్నే పాల క్యాన్లతో సైకిలెక్కితే మధ్యాహ్నం దాటాక గాని ఇల్లు చేరడు. ఆయన మలుపు తిరగ్గానే ఆమె కొట్టంలోకి దూరి, బుజ్జిగాడికి వెనకనుంచి తొడుగు తొడిగి, నడుం మీదుగా నాడాలు బిగించి, ఆయన తిరిగొచ్చేలోపు విప్పేసేది. మొదటిరోజు వాడు తన్నిన తన్నుకి బకెట్ ఎగిరి రేకుల కప్పు మీద పడింది. వారం తిరిగేసరికి వాడు ఆ వెచ్చదనం రుచి మరిగాడు. ఆమె అడుగుల చప్పుడైతే చాలు, కాళ్ళు ఎడంగా పెట్టి సిద్ధంగా నిలబడేవాడు.

"ఒసేవ్, నిన్ను చూడగానే వీడు వెనక్కి తిరిగి తోకెత్తుతున్నాడేంటి?" అన్నాడు పెద్దాయన ఒకరోజు.

"పెంచిన తల్లిననండీ. గౌరవం."

"గౌరవం అటువైపు నుంచా?"

ఆమెకి నవ్వాగలేదు. దగ్గు తెచ్చుకుని వంటింట్లోకి పోయింది.

చెప్పినట్టే డాక్టరమ్మ వచ్చింది. నమూనా తీసి, వాకిట్లో బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకుని వంగింది. పెద్దావిడ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఒక్కటి, ఒక్క కణం ఈదుతూ కనబడితే చాలు, బుజ్జిగాడు వెళ్ళిపోతాడు.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏమీ లేదు. పూర్తిగా ఖాళీ."

పెద్దాయన తల దించుకున్నాడు. పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, సంతోషం బయటికి పొర్లకుండా.

"బామ్మగారూ," అంది డాక్టరమ్మ, "దీన్ని చూసుకునేది మీరే కదా. మళ్ళీ జ్వరమేమైనా వచ్చిందా?"

"రాలేదు తల్లీ."

"దెబ్బలు, వాపులు?"

"చీమ కూడా కుట్టలేదు."

"వేడి తగిలే పనేదైనా జరిగిందా? బాగా ఆలోచించి చెప్పండి. వేడివల్లే అయితే, అది తగ్గాక మళ్ళీ మామూలైపోతుంది."

పెద్దావిడ కనురెప్ప కూడా వాల్చలేదు. "వాడి మీద ఒట్టు! ఏ వేడీ తగల్లేదు. వాడి రాతే అంత."

డాక్టరమ్మ తృప్తిగా తలాడించి, వ్యాన్ వెనక తలుపు దించమని డ్రైవరుకి సైగ చేసింది.

"అదేంటమ్మాయ్!" పెద్దావిడ గొంతు కీచుమంది. "ఫెయిలయ్యాడుగా!"

"అందుకే కదా బామ్మగారూ! మందలో తిరిగి ఏ ఆవు ఎదకొచ్చిందో పట్టివ్వడానికి మాకు చూలు కట్టించలేని ఆంబోతే కావాలి. పోయినసారి నమూనా కూడా ఖాళీయే, అది జ్వరంవల్లేమో, కోలుకుంటుందేమోనని ఇన్నాళ్ళూ ఆగాం గాని, ఇవాళ ఒక్క కణం కదిలినా దీన్ని మీకే వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళం."