పేర్లు చాలు

"పేర్లు చాలు సతీశ్. కడమదంత నాకెందుకు?" అంది మల్లీశ్వరి, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. నారాయణపేట చేనేత సంఘానికి ఆవిడే కార్యదర్శి. "ఆదివారం ఆఫీసు బందున్నది, నేను ఇంటికాడ ఫోన్ల చూస్తే డిజైను లేదు. గా రోజు కంప్యూటర్ల ఎవరు చొరబడి కొత్త అంచు డిజైను చెరిపిండ్రో తేలాలె."

"సోమవారం పొద్దుగాల మళ్ల కనవడ్డది గద మేడం," అన్నాడు సతీశ్.

"అది మన అదృష్టం. చెరిపినోన్ని మాత్రం ఉంచుకోను."

సంఘం కంప్యూటర్ల పని చూసే సతీశ్ కీబోర్డు ముందుకు జరిగాడు. చెరిపింది తనే. ఆదివారం ఒక్కడే ఆఫీసుకొచ్చి, బామ్మర్ది పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి జాగా చాలక, చూసుకోకుండా డిజైనున్న ఫోల్డర్ని ఊడ్చేశాడు. అది ఎలా తిరిగొచ్చిందో అంతుబట్టలేదు కానీ, గండం గడిచిందనుకుని ఊరుకున్నాడు.

కమాండ్ కొడితే తెరనిండా వారం రోజుల చిట్టా వచ్చింది. ప్రతి వరుసలో పేరు, సమయం, చేసిన పని. తన వరుస కంటబడగానే మిగతాది చూసే ధైర్యం లేకపోయింది. సంఘంలో ఇంకో సతీశ్ ఉండడంతో కంప్యూటర్లో ఇతని పేరు చివర 2 అంకె ఉంటుంది. ఏ రూపంలోని మాట కావాలో చెబితే రెగెక్స్ అనే వెతుకులాట సూత్రం దాన్నే ఏరుతుంది. సతీశ్ వేళ్లు సిగ్గు లేకుండా చెప్పేశాయి: ఆదివారం వరుసలే కావాలి. అంకె ఉన్న పేరు వద్దు. పేరు తప్ప ఇంకేదీ వద్దు.

ఒక్కటే రాలింది. ముఖీత్.

సతీశ్‌కు కొలువు ఇప్పించిందీ, పని నేర్పిందీ ముఖీతే. "డిలీట్ కొట్టుడు అందరికొస్తది తమ్మీ. పోయినదాన్ని వాపస్ తెచ్చే రిస్టోర్ నేర్చుకో," అని మొదటిరోజే చెప్పాడు. సతీశ్ నేర్చుకోలేదు.

మల్లీశ్వరి పిలిపించింది. "ఆదివారం కంప్యూటర్ తెరిచినవా?"

"తెరిచిన మేడం."

"ఎందుకు?"

ముఖీత్ సతీశ్ వైపు చూశాడు. సతీశ్ కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు.

"చెప్పవేంది?"

"ఏం చెప్పమంటరు మేడం," అంటూ ముఖీత్ ఆఫీసు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. గడప దగ్గర ఆగి, "పైలంగ చేస్కో తమ్మీ," అని వెళ్లిపోయాడు.

సతీశ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక్క మాటంటే ఆ మనిషి ఆగేవాడు. అనలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. 'అయినా సెలవునాడు దొంగచాటుగా వచ్చాడంటే అతనూ ఏదో చేసే ఉంటాడు,' అని మనసుకు సర్దిచెప్పుకోబోయాడు.

మల్లీశ్వరి భోజనానికి లేచింది. ఎవరైనా మొత్తం చిట్టా అడిగితే తన బతుకేం కావాలి? తన వరుస తీసేద్దామని సతీశ్ దాన్ని మళ్లీ తెరిచాడు.

సతీశ్2, ఆదివారం మధ్యాహ్నం, డిలీట్.

దాని కిందే ముఖీత్ వరుస. ఆదివారం సాయంత్రం.

పేరు పక్కన 'రిస్టోర్' అని ఉంది.