పై దారా, కింది దారా

"పై దారిలో రావాలో, కింది దారిలో రావాలో చూసి చెబుతా. నేను చెప్పేదాకా కదలొద్దు. తప్పు దారి పట్టారంటే మీరూ ఇరుక్కుంటారు. ఈ బాలింతకు ఎక్కువ టైము లేదు."

కొత్తగా పెట్టిన రేడియోలోంచి భర్త గొంతు పక్కన నిలబడి మాట్లాడినట్టే వినిపించింది. సరేనని చెప్పి, ఆమె విప్పిన ముందు సీటును మళ్లీ దాని చోట పెట్టి నాలుగు బోల్టులూ బిగించింది. అప్పటికి తొమ్మిదయింది.

ఏడుగురు కూర్చునే పెద్ద బండి అది. వెనక సీట్లు పీకేసి స్ట్రెచరు, ఆక్సిజన్ సిలిండరు, మందుల పెట్టె, తాళ్లు అన్నీ కదలకుండా కట్టింది. నెత్తిన ఎర్ర దీపం, ముందు సైరను. రేడియో పెట్టె ముందు సీటు కింద, మైకు మాత్రం దాని వైరును సీటు కిందుగా లాగి ఎదురుగా చేతికందేట్టు. మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి మూడు రోజులు చేసే పని. ఒక్కతే ఒకటిన్నర రోజులో ముగించింది.

రాత్రి గాలివానకు సెల్ టవర్లన్నీ పడిపోయాయి. కొండ మీది క్వారీ ఇళ్లలో ఒక బాలింతకు రక్తం ఆగడం లేదని తెల్లవారుతూనే మనిషి పరిగెత్తుకొచ్చాడు. కొత్త బండి తయారయ్యేదాకా ఆగమంది ఆమె. భర్త ఆగలేదు. రేడియో ఉన్న పాత జీపు వేసుకుని వెళ్లాడు. పైకైతే చేరాడు కానీ, జీపు అక్కడే బురదలో కూరుకుపోయింది.

బయట వాన. ముగ్గురూ షెడ్డు ముందున్న బండిలోనే కూర్చున్నారు. ఆమె ముందు సీట్లో, పక్కన డ్రైవరు, వెనక స్ట్రెచరు అంచున అత్తగారు. కొడుకు గొంతు వినందే ఇంట్లోకి రానని ఆవిడ పంతం.

ఇది ఫోనులా కాదని కోడలు చెప్పింది. ఒకరి మైకు నొక్కి ఉన్నంతసేపూ మిగతావాళ్లంతా వినాల్సిందే, ఎదురు మాట్లాడలేరట.

"మీ మామగారితో నా కాపురమంతా అదే కదమ్మా" అంది అత్తగారు.

డ్రైవరు పకపకా నవ్వాడు. అప్పటికి తొమ్మిదింపావు. ఆ రోజు వాళ్లు నవ్విన ఆఖరి నవ్వు అదే.

తొమ్మిదిన్నరయింది. రేడియో పలకలేదు. ఆమె మైకు నొక్కి పిలిచింది. వదిలింది. జవాబు లేదు. గరగర కూడా లేదు. కొత్తది కదా, గరగర ఉండదులే అన్నాడు డ్రైవరు.

పదయింది. వానలో దిగి ఏరియల్ చూసింది. ఫ్యూజు చూసింది. బ్యాటరీ చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తన పనిలో వంక ఎప్పుడూ ఉండదు. ఉంటే గింటే ఆయన జీపులోనే. బ్యాటరీ అయిపోయి ఉండాలి. లేదా... ఆ రెండోదాన్ని ఆమె మనసులో కూడా పూర్తి చేయలేదు.

చేతిలో బండి ఉంది. మందులున్నాయి. బతికించడానికి కావలసినవన్నీ వెనక వరుసగా కట్టి ఉన్నాయి. ఏ వైపు తిప్పాలో చెప్పే మాట ఒక్కటే లేదు. ఆమె డ్రైవరుతో రెండుసార్లు ఇంజను వేయించింది, రెండుసార్లూ ఆపించింది.

పదకొండు దాటాక డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. నిన్నంతా కళ్లు మూసుకుని కొండెక్కిస్తానని కోతలు కోసిన మనిషి, పై దారంటే తనకు చిన్నప్పటి నుంచీ వణుకేనని ఒప్పుకున్నాడు. ఈ మాట ఆమె భర్తకు తెలియనివ్వొద్దని బతిమాలాడు.

అత్తగారు వాడిని ఓదార్చబోయి తనే కళ్లు ఒత్తుకుంది. వంతెన దగ్గర కాపలాకు వెళ్లిన చిన్నకొడుకునే ముద్దు చేశాననీ, పెద్దవాణ్ని ఎంతసేపూ పనికి పంపడమే కానీ దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన రోజు గుర్తులేదనీ అంది. వాడికి ఆ సంగతి తెలుసో లేదో మరి, ఎన్నడూ అడగలేదట.

కోడలు ముందు అద్దం మీద జారుతున్న నీళ్లను చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అంది.

"పొద్దున జీపు తీస్తుంటే, వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నాను అత్తయ్యా. కోపం మీద అన్నాను. ఆయన లేకపోతే నేను ఒక్క పూట కూడా ఉండలేను. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు."

అత్తగారు వెనక నుంచి చెయ్యి చాచి ఆమె భుజం మీద వేసింది. రేడియో మూగగానే ఉంది.

ఒంటిగంటకు షెడ్డు ముందు మోటారు సైకిలు ఆగింది. వంతెన దగ్గర కాపలా ఉన్న మరిది. నిలువెల్లా బురద, నడుముకు చేతి రేడియో. వంతెన మునిగితే చుట్టు తిరిగి వచ్చాడు. ఆమె బండి తలుపు తెరిచింది. మరిది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, కానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"అన్నయ్య బాగానే ఉన్నాడు వదినా. మనిషిని నడిపించి నా దగ్గరికి పంపాడు. పదకొండు దాకా కింది దారి తెరిచే ఉందట. ఇప్పుడు రెండూ పోయాయి. ఆ బాలింతను మంచం మీద మోసుకుని దిగుతున్నారు. కింద దాకా ఉంటుందో లేదో."

పొద్దుటి నుంచీ బిగబట్టిన భయమంతా ఆమెకు ఒక్కసారిగా కోపమై పొంగింది.

"పదకొండు దాకా దారి తెరిచే ఉంటే, ఆ ఒక్క ముక్క రేడియోలో చెప్పడానికి మీ అన్నకు నోరెందుకు రాలేదు?" అని ఆమె అడిగిన మాట, తొమ్మిదింటి నుంచి ఆ బండిలో పుట్టిన ప్రతి మాటలాగే, మరిది నడుముకున్న చేతి రేడియోలోంచి ఆమె గొంతుతోనే బయటికొచ్చింది.